సైలెన్స్ అనగానే నిద్ర లేచే మా పండు

మా పండుగాడి చిన్నప్పుడు... అంటే రెండు నెలల చంటివాడిగా ఉన్నప్పుడు... పొద్దున్నే కాళ్ళు చాపుకుని, వాణ్ణి ఆ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది యాదమ్మక్క. మా పక్క గదిలో ఉండేది. సున్నిపిండితో ఒళ్ళంతా నలిచి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా రావాలని అరచేత్తో ఒత్తేది.

"మంచిగ తోముతున్న పిల్లా, రేపు హీరో అయితడు నీ కొడుకు" అనేది. సినిమా పనివాళ్ళుండే మా కృష్ణానగర్‌లో ఏ ఇంట్లో మగపిల్లాడు పుట్టినా ఇదే మాట...

ముందే చెప్పేస్తున్నాను. పండు ఇప్పుడు లేడు. ఏడో ఏట జ్వరం వచ్చి పోయాడు. ఏడాది దాటింది. ఈ సంగతి చివర్లో చెప్పి మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. వాడి మాట ఎత్తితే చాలు అందరూ మాట మార్చేస్తున్నారు. మా ఆయనైతే వాడి పేరే పలకరు. ఇలాగే ఉంటే వాడి అల్లరి ఎవరికీ గుర్తుండదేమోనని భయం వేసి రాస్తున్నాను...

మా గది కింద డ్యాన్స్ ప్రాక్టీసు హాలు ఉండేది. పొద్దున పాట మొదలైతే సాయంత్రం దాకా అదే పాట, అదే ముక్క, మళ్ళీ మళ్ళీ... "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని మాస్టరు అరుపులు. గచ్చు అదిరేది. ఉగ్గుగిన్నెలో చెంచా దానంతటదే గలగలమనేది. ఆ మోతలో, పొత్తిగుడ్డల్లో చుట్టి పడుకోబెడితే, పండు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేవాడు.

ఆదివారం మాత్రం ఒకటే ఏడుపు. కడుపునొప్పేమోనని వాము వేడి చేసి, గుడ్డలో కట్టి కాపడం పెట్టాను. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీశాను. "ఐతారం ఐతారం ఎవలదో కన్ను తాకుతుంది పిల్లగానికి" అని యాదమ్మక్క ఆరా తీసింది. ఆదివారం మా గదికి వచ్చేది మోతీనగర్ నుంచి మా తమ్ముడొక్కడే. పాపం, వాణ్ణి మూడు వారాలు గడప తొక్కనివ్వలేదు...

మా ఆయన సినిమాల్లో లైట్‌మ్యాన్. అప్పుడే ఒక కొత్త యూనిట్‌లో చేరారు. ఉయ్యాలలో నిద్రపోయే పసిపిల్లాడు కావాలని అక్కడ వెతుకుతున్నారట. ఈయన ఊరుకోకుండా "మావాడున్నాడు సార్, పక్కన బాంబు పేలినా లేవడు" అనేశారు. ఆ మాట తప్పితే ఆ యూనిట్‌వాళ్ళు మళ్ళీ పిలవరు. అదీ నా గుబులు.

ఫిల్మ్‌నగర్‌లో పెద్ద బంగళా. నేనూ యాదమ్మక్కా ఆటోలో వెళ్ళాం. పాలు పట్టి, నిద్రపుచ్చి, ఉయ్యాలలో వేశాను. సీను చిన్నదే... హీరోయిన్ వచ్చి, నిద్రపోతున్న బిడ్డ నుదుటి మీద ముద్దు పెట్టి, ఏడుస్తూ ఇల్లు వదిలి వెళ్ళిపోవాలి. మాట ఒక్కటీ లేదు.

అసిస్టెంటు డైరెక్టరు "సైలెన్స్" అని అరిచాడు. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఫ్యాన్లు కూడా ఆపేశారు. పండు కళ్ళు తెరిచాడు... అటూ ఇటూ చూశాడు... మూతి వంకర తిప్పాడు... కేర్‌మన్నాడు.

ఎత్తుకుని బయటికి తెస్తే జనరేటరు బండి పక్కన ఇట్టే నిద్రపోయాడు. లోపలికి తీసుకెళ్ళి పడుకోబెడితే, సైలెన్స్ అనగానే మళ్ళీ కేర్... ఇలా మూడుసార్లు.

"గిదేం పోరడే తల్లీ... సప్పుడుంటే పంటుండు, లేకుంటే లేస్తుండు" అంది యాదమ్మక్క విసుగ్గా.

ఆ మాటతో నాకు తట్టింది. ఆదివారం హాలుకు సెలవు కదా... వీడిది కడుపునొప్పీ కాదు, దిష్టీ కాదు.

మా ఆయన లైటు పక్కన తల దించుకుని నిలబడ్డారు. డైరెక్టరు గారు వేరే బిడ్డను చూడమంటున్నారు. అంతమంది మధ్య నేనెప్పుడూ నోరు విప్పి ఎరగను. అయినా డైరెక్టరు గారి దగ్గరికే వెళ్ళాను.

"సార్... మీరు గోల చేస్తే వాడు పడుకుంటాడు సార్."

"ఏంటమ్మా?"

"మా గది కింద డ్యాన్స్ హాలు సార్. వాడికి అదే జోలపాట."

"హీరోగారికి కూడా ఇన్ని కండిషన్లు లేవు సార్" అన్నాడు అసిస్టెంటు.

డైరెక్టరు గారు నవ్వేశారు. "డైలాగ్ లేదుగా, ఎలాగూ మ్యూజిక్ వేస్తాం. వాయించండ్రా ఏదో ఒకటి" అన్నారు.

లైటువాళ్ళు రేకుడబ్బాలు, ఇనప స్టాండ్లు అందుకున్నారు. "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని మా ఆయనే మొదలుపెట్టారు. పండు ఒక్క ఆవులింత తీసి నిద్రలోకి జారిపోయాడు. ఆ మోతకు హీరోయిన్ గారే ఏడవలేక, నవ్వు ఆపుకోలేక, ఇంకో రెండు టేకులు తీసుకున్నారు. "బాబు ఓకే సార్, మేడంగారిదే లేటు" అన్నాడు అసిస్టెంటు.

ఆ సాయంత్రమే మా తమ్ముడికి ఫోన్ చేసి రమ్మన్నాను. "ఇప్పటికి నా కళ్ళు మంచివయ్యాయా అక్కా?" అన్నాడు.

సినిమా వచ్చాక థియేటరుకు తీసుకెళ్ళాం. తెర మీదా నిద్రే, నా ఒళ్ళోనూ నిద్రే. వాడి సీను వాడే చూడలేదు...

మొన్న మా ఆయన షూటింగు నుంచి వచ్చి అన్నం తింటూ, "ఇవాళ ఉయ్యాల సీను. రబ్బరు బొమ్మను పెట్టారు. ఇప్పుడన్నీ అంతే" అన్నారు. ముద్ద చేతిలో పట్టుకుని మళ్ళీ ఆయనే అన్నారు.

"ఒక్క టేకులో అయిపోయింది. మన పండుగాడైతే అంత తేలిగ్గా వదిలేవాడా..."

ఏడాది తర్వాత ఆయన నోట వాడి పేరు విన్నాను. చేతికంటిన మెతుకులు ఎండిపోయేదాకా ఇద్దరం వాడి సంగతులే చెప్పుకున్నాం. నవ్వాం కూడా...

మీ పిల్లలు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు మిమ్మల్ని ఎలా ముప్పుతిప్పలు పెట్టారో కింద రాయండి. ఓదార్పు మాటలు మాత్రం వద్దు. ఈయన అన్నానికి కూర్చున్నప్పుడు చదివి వినిపిస్తాను... మళ్ళీ మావాడి మాట ఎత్తుతారు.