ఎండకు వెలిసిపోని ఎరుపు

ఆ ఎరుపంటేనే నాకు విసుగు పుట్టింది. అల్లూరు గుంటల్లో రొయ్యల్ని చంపే వైరస్, రొయ్య కణంలోకి ఎటునుంచి దూరుతుందో మైక్రోస్కోపులో చూడాలంటే, దానికి వెలుగు చిమ్మే ప్రొటీన్ ఒకటి తగిలించాలి. సముద్రజీవి నుంచి వచ్చిన ఎర్రటి ప్రొటీన్ నా దగ్గర ఉంది. చూడ్డానికి ధగధగలాడుతుంది. తీరా లెన్సు కింద లైటు వెయ్యగానే పది సెకన్లలో వెలిసిపోతుంది. వైరస్ రొయ్య కణాన్ని చేరేలోపే నాకు చీకటి.

అందుకని దాని జన్యువును అక్కడక్కడా కాస్త మార్చి, బాక్టీరియాలో పెట్టి, ప్లేట్లలో పెంచేదాన్ని. ఒక్కో ప్లేటులో వందల చుక్కలు, ఒక్కో చుక్కలో ఒక్కో మార్పు. బాగా మెరిసేవి ఏరుకుని మిగతావన్నీ పారెయ్యడమే. మూడేళ్లు అదే పని. ప్రాజెక్టు గడువు ఇంక రెండు నెలలుంది. ఆలోపు నిలిచే రంగు దొరక్కపోతే ఈ పనికి మంగళం పాడాల్సిందే.

ల్యాబ్ శుభ్రం చేసే అక్కకు ఒకే మాట చెప్పి ఉంచాను. పారేసే ప్లేట్లు వెంటనే బ్లీచింగ్ నీళ్లలో ముంచాలి. మేం మార్చిన బాక్టీరియా బయటికి పోకూడదు, అది రూలు. ఈ మే నెలలో ఒక సోమవారం మేడ మీదికి వెళితే, పిట్టగోడ పక్కన ఎండుచేపలు ఆరబెట్టినట్టు వరసగా నా ప్లేట్లు! ఒళ్లు మండిపోయింది.

"ఏందక్కా ఇది?"

"బ్లీచింగ్ పౌడరు అయిపోయింది మేడం. శుక్రవారం నించి ఎండలో పెట్టినా. ఈ ఎండకి ఏ పురుగైనా చస్తాది గదా. ఇంట్లో బియ్యానికి పురుగు పడితే ఇట్లనే చేస్తాం."

నోటికొచ్చినట్టు తిట్టాను. స్టోర్ నుంచి బ్లీచింగ్ తెప్పించి, "ఇప్పుడే ముంచెయ్యి, ఒక్కటి కూడా మిగలకూడదు" అని చెప్పి భోజనానికి వెళ్లాను.

రెండు ముద్దలు తిన్నానో లేదో, గుర్తొచ్చింది. ప్లేట్లన్నీ పాలిపోయి ఉన్నాయి. ఒక్కదాంట్లో మాత్రం, అంచు దగ్గర, ఒక చుక్క ఎర్రగానే ఉంది. మూడు రోజుల ఎండ తర్వాత! నా కళ్లతో చూశాను, తిట్టే తొందరలో పట్టించుకోలేదు. మెరుపు చాలదని నేనే పారేసిన చుక్క అది. మూడేళ్లూ మెరుపునే చూశాను కానీ, ముందు ఎండకు పెట్టి చూద్దామని ఒక్కనాడూ తోచలేదు. బాక్టీరియా చచ్చినా ఫర్వాలేదు, జన్యువు తీసుకోవచ్చు.

ఎంగిలిచేత్తోనే పరుగెత్తాను.

ప్లేట్లన్నీ బకెట్లో మునిగి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి వెలుతురుకు పెట్టి చూశాను. ఎక్కడా ఎరుపు లేదు. బ్లీచింగ్ నీళ్లు జన్యువును కూడా మిగల్చవు.

"అన్నీ ముంచేసినా మేడం. ఒక్కటి కూడా వదల్లా," అంది అక్క. మళ్లీ తిడతానేమోనని నా ముఖంలోకే చూస్తోంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"మంచి పని చేసినావక్కా," అన్నాను.