దారి తప్పే కార్నెట్

ఒనెజీమ్ గిల్బోకు న్యూ ఆర్లీన్స్‌లో దారులు తెలియవు. ఆ ఊళ్లోనే పుట్టాడు, ఆ ఊళ్లోనే పెరిగాడు, వారమంతా బొగ్గుబండి తోలుకుంటూ ఆ ఊళ్లోని సందుసందూ తిరుగుతాడు. బండి మీద ఉన్నంతసేపూ కునుకు తీస్తూ కూడా ఎవరింటికైనా చేరుకోగలడు. కానీ కార్నెట్ పెదవులకు ఆనించాడా, ఇక అంతే. తూర్పేదో పడమరేదో తెలియని పసివాడైపోతాడు.

మామూలు మనిషి దారి తప్పితే తనొక్కడే తప్పుతాడు. ఒనెజీమ్ తప్పితే బ్యాండు మొత్తం తప్పేది. ఆ రోజుల్లో బ్యాండుకు కార్నెటే పెద్దదిక్కు. ట్రంపెట్ కంటే పొట్టిగా, బొద్దుగా ఉండే ఆ బాకా పాట అందుకుని ముందు నడిచేది. గొట్టం ముందుకీ వెనక్కీ జరిపి వాయించే ట్రాంబోన్ దాని కింద గుర్రుమంటూ వచ్చేది. క్లారినెట్ పైనుంచి తీగలా చుట్టుకునేది. కార్నెట్ ఎటు పోతే పాట అటు, పాట ఎటు పోతే కాళ్లు అటు. ఇక ఆపేదెవరు?

అందరికంటే ఎక్కువ బాధపడినవాడు క్లారినెట్ వాయించే అల్సీద్ రుబియన్. తాపీ మేస్త్రీ. గోడ నిలువు తూకపుగుండుతో చూసుకున్నట్టే, పాటను కాగితం మీద స్వరాల గీతలు చూసి వాయించేవాడు. ఒనెజీమ్‌కు ఆ గీతలు ఒక్కటీ రావు.

"మావా, అక్కడ రాసింది వాయించవేంటి?" అని అడిగాడు అల్సీద్ ఒకసారి.

"రాసినాయనకి అప్పుడు ఆకలేస్తున్నట్టుంది, అల్సీద్. తొందరగా ముగించేశాడు. నేను ఇంకాస్త వడ్డించాను."

వడ్డించిన మాట నిజమే. రాసినదాన్ని వదిలేసి అతను స్వరాన్ని వంచి, సాగదీసి, ఆఖరి క్షణంలో ఇంటికి తెచ్చేసరికి అల్సీద్‌కు ఒళ్లు జలదరించేది. పాటలో ఎంత దూరం పోయినా దారి తప్పని మనిషి వీధిలో ఎందుకు తప్పుతున్నాడో మాత్రం అర్థమయ్యేది కాదు.

ఒక పెళ్లి ఊరేగింపును చర్చి నుంచి నేరుగా చేపల సందులోకి నడిపించాడు. పెళ్లికూతురు తెల్లగౌను మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని రొయ్యల పొట్టు మీద గెంతుకుంటూ నడిచింది.

"ఏమయ్యా, నీకు కళ్లున్నాయా?" అని పెళ్లికొడుకు అరిచాడు.

"ఉన్నాయి బాబూ. వాయించేటప్పుడు మూసుకుంటాను."

ఇంకోసారి సహాయసంఘం వార్షికోత్సవం. సంఘం అధ్యక్షుడు ప్రొస్పేర్ డువాల్ ఛాతీకి పట్టీ, నడుముకు కత్తి, టోపీకి ఈక పెట్టుకుని ఊరేగింపు ముందు నడుస్తున్నాడు. కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి తల వంచుతూ ఠీవిగా చాలా దూరం పోయాడు. జనం చప్పట్లు కొట్టాల్సింది పోయి నవ్వుతున్నారేమిటా అని వెనక్కి తిరిగితే, అతని వెనక ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. బ్యాండు రెండు వీధుల అవతల ఎవరిదో పెరటి గోడ పక్కన హుషారుగా వాయిస్తోంది.

"వచ్చే ఏడు కూడా ఇలా జరిగిందో, కొత్త బట్టలు కుట్టించుకున్న బ్యాండు ఒకటి రెడీగా ఉంది. వాళ్లని పిలుస్తా!" అన్నాడు ప్రొస్పేర్.

సంఘం ఊరేగింపు పోతే బ్యాండుకు పరువు పోయినట్టే. ఒనెజీమ్ కార్నెట్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాడు. అయినా నమ్మకం చాలక, వచ్చే ఏడు అతని పక్కనే నడుస్తూ, దారి తప్పబోతే కోటు పట్టుకుని లాగే పని అల్సీద్‌కు అప్పగించారు.

ఆ పని అల్సీద్ చెయ్యలేకపోయాడు. ఉత్సవం ఇంకా దూరంగా ఉండగానే పరంజా మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కాలికి బద్దలు కట్టి వెనకగదిలో పడుకోబెట్టారు. మళ్లీ ఊరేగింపులో నడుస్తాడో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచి అల్సీద్ క్లారినెట్ పెట్టె తెరవలేదు. అన్నంలో రాజ్మా పలచగా ఉందని, దుప్పటి ముతకగా ఉందని, కిటికీ తెరిస్తే వెలుతురని, మూస్తే ఉక్కని భార్యను సాధించాడు.

"నీ కాలు విరిగితే నా చెవులు పోయేలా ఉన్నాయి," అంది క్లెమాన్స్.

ఉత్సవం రోజు మధ్యాహ్నం దూరంగా డోలు చప్పుడు వినిపించింది. అల్సీద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఊరేగింపు అవతలి పెద్దవీధి, అవెన్యూ మీదుగా పోతుంది. కాసేపు వినిపించి సన్నగిల్లుతుంది. అతనికి అంతా తెలుసు.

సన్నగిల్లలేదు. పెరిగింది.

"క్లెమాన్స్! కిటికీ తియ్! ఈ మహానుభావుడు మళ్లీ తప్పాడు!"

ఆమె తీసింది. "అయ్యో దేవుడా, మన సందులోకే వస్తున్నారు."

"ఒట్టు పెట్టుకున్నాడే! వెనక్కి పొమ్మను! ఊరేగింపు పోతుంది, పరువు పోతుంది... మావా! ఒనెజీమ్ మావా! వెనక్కి తిరుగు!"

కూరల బండి కూడా తిరగని సందు అది. ట్రాంబోన్ సాగదీసిన ప్రతిసారీ కంచెకు తగులుతోంది. పెద్ద డోలు ఇరుక్కుపోయి, దాని వెనకవాడు తిట్టుకుంటూ పక్కకి తిప్పుతున్నాడు. అన్నిటికంటే ముందు, బుగ్గలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఒనెజీమ్.

కిటికీ దగ్గరికి రాగానే కళ్లు తెరిచాడు. గది చిన్నదని చూసి, తలమీది టోపీ తీసి కార్నెట్ నోటికి అడ్డం పెట్టాడు. ఊరంతా వినిపించే గొంతు మంచం పక్కన కూర్చుని మాట్లాడే గొంతయింది. పాట తిరిగి తిరిగి క్లారినెట్ అందుకోవలసిన చోటికి వచ్చింది. అక్కడ ఒనెజీమ్ ఊదడం ఆపేశాడు. డోలు మాత్రం మెల్లగా నడుస్తోంది. ఖాళీ. మళ్లీ పాట తిప్పుకొచ్చాడు. మళ్లీ అక్కడే ఆగాడు. మళ్లీ ఖాళీ.

రాసిన పాటలో అల్సీద్ వాటా అది. ఆ ఖాళీని అతను భరించలేకపోయాడు.

"మంచం కింద పెట్టె ఇటియ్యి," అన్నాడు.

వెల్లకిలా పడుకునే అందుకున్నాడు. మొదట కీచుమంది, తర్వాత పలికింది. కాగితం లేదు, గీతలు లేవు. కార్నెట్ చెయ్యి పట్టుకుని తీసుకుపోయినంత దూరం పోయాడు. ఇన్నాళ్లూ బిగబట్టిన కన్నీళ్లు చెవుల్లోకి కారుతుంటే నవ్వొచ్చి స్వరం తప్పాడు కూడా.

అంతలో ప్రొస్పేర్ డువాల్ కత్తి చేత్తో పట్టుకుని, ఈక ఒకవైపు వాలిపోయి, రొప్పుతూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇదేనా అవెన్యూ?"

"కాదా అండీ?" అన్నాడు ఒనెజీమ్ అమాయకంగా.

ప్రొస్పేర్ కిటికీలోంచి చూశాడు. బద్దలు కట్టిన కాలు, తడిసిన మొహం, చేతిలో క్లారినెట్. ఈక సరిచేసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"అవెన్యూనే. ఈ మధ్య కాస్త ఇరుకైనట్టుంది," అని ఊరేగింపు ముందుకు పోయి నిలబడ్డాడు.

సందు ఖాళీ అయ్యాక కూడా అల్సీద్ క్లారినెట్ పెట్టెలో పెట్టలేదు.

"క్లెమాన్స్, ఆ పెళ్లి రోజు చేపల సందులోకి ఎందుకు పోయాడంటావు?"

"పెళ్లికూతురి నాయనమ్మ ఉండేది అక్కడ. మంచం దిగలేదుగా ముసలమ్మ. మనవరాల్ని గౌనులో కిటికీలోంచి చూసింది."

"మరి ఆ పెరటి గోడ?"

"గోడవతల ఇంట్లో క్షయ రోగి. నీకు తెలీదూ? ఊరందరికీ తెలుసు. బొగ్గు వేసేవాడికి ఏ ఇంట్లో ఎవరు లేవలేకుండా ఉన్నారో తెలీకుండా ఉంటుందా?"

"నాకెవరూ చెప్పలేదే!"

"నువ్వు కాగితం చూసుకుంటూ నడిచేవాడివి కదా."

కాలు అతుక్కుంది. కాస్త కుంటుకుంటూ అల్సీద్ మళ్లీ ఊరేగింపుకు వచ్చాడు. బయల్దేరే ముందు అందరూ వాయిద్యాలు తుడుచుకుంటుంటే ఒనెజీమ్ చెవి దగ్గరికి వంగాడు.

"మావా, జోళ్లు కుట్టే ఫిర్మాన్ భార్య కాన్పు కష్టమై నెలరోజులుగా గది దాటలేదట. నాకెందుకో ఇవాళ అటు దారి తప్పుతామేమోనని భయంగా ఉంది."

ఒనెజీమ్ కార్నెట్‌లోని తడి దులుపుకుంటూ, దారులు తెలిసిన మనిషి గొంతుతో అన్నాడు: "అటు తప్పాలంటే బేకరీ దగ్గర కుడికి తిరగాలి. నువ్వు అక్కడ నా కోటు లాగు."