దీపం ఆరింది, ఆయిలు ఆగలేదు

మా కారు ఇంజన్ని నేనే ఊడదీసి నేనే బిగించేనని మా వీధిలో చాలామంది నమ్ముతారు. నమ్మేలా చెప్పింది నేనే. నిజానికి ఊడదీసిందీ బిగించిందీ రాజోలు దగ్గర కాలవ గట్టు మీద షెడ్డున్న మేస్త్రిగారు. ఆయన పక్కన స్టూలేసుకు కూర్చుని, అడిగినప్పుడు పానాలు అందించడం, అడగనప్పుడు సలహాలివ్వడం నా వాటా. బడిపంతులుగా రిటైరైనవాణ్ణి, సలహా ఇవ్వకుండా కూర్చోమంటే ఒంట్లో బాగుండదు.

మేస్త్రిగారిదీ నాదీ ఒకటే ఈడు. కిందటేడు ఆయనకి రెండు కళ్ళకీ శుక్లాలు తీసేరు. అప్పట్నుంచీ షెడ్డు మూసెయ్యమని ఇంట్లో ఒకటే పోరు. ఆయన విని విని, ఓ రోజు టీ హోటల్లో నలుగురి ముందూ తేల్చి చెప్పేసేరు.

“మాస్టారి బండి ఇంజను మొత్తం విప్పి కడతానండీ. చుక్క కారకుండా నడిచిందా, నా చేతులింకా ఉన్నట్టు. కారిందా, పానాలన్నీ గోనెసంచిలో వేసి ఎవరికైనా ఇచ్చేసి ఇంట్లో కూర్చుంటానండీ. ఆయ్.”

అలా నా ముసలి డీజిలు కారు మీద ఆయన పరువు కూడా ఎక్కి కూర్చుంది.

పది రోజులు పట్టింది. రింగులు, బేరింగులు, గాస్కెట్లు, ఇంజను వెనక ఆయిలు కారకుండా ఆపే సీలు అన్నీ కొత్తవి. పదకొండోనాడు డీజిలు వెళ్ళకుండా ఆపి, సెల్ఫు కొట్టి ఇంజన్ని ఊరికే తిప్పి చూసేరు. ఆయిలు ప్రెషరు వస్తే స్టీరింగు ముందున్న ఎర్రదీపం ఆరాలి. ఆరలేదు. మళ్ళీ తిప్పేరు. అది మావైపు అలాగే గుడ్లురిమి చూస్తోంది.

“స్టార్టు చేసేద్దురూ, నడుస్తూంటే అదే వస్తుంది,” అన్నాను.

“కొత్త బేరింగులండీ బాబూ! ఆయిలు తగలకుండా తిరిగితే ఇంకేమన్నా ఉందాండీ? పది రోజుల పనీ గోదాట్లో కలిసిపోద్ది. మీ ఇంట్లో బోరింగు వారం రోజులు కొట్టకపోతే ఏం చేస్తారండీ?”

“పైనుంచి చెంబుడు నీళ్ళు పోసి కొడతాం.”

“ఇదీ అంతేనండీ. ఆయిలు పంపు గొంతెండిపోయింది. తడిపితే గానీ లాగదు.”

ఇంజను పక్కన బొటనవేలంత స్విచ్చి ఉంటుంది, ఆ ఎర్రదీపాన్ని ఆర్పేది అదే. దాన్ని విప్పి, కిందున్న రాగి వాషరుతో సహా నా చేతిలో పెట్టేరు. ఆ కన్నంలోంచి ఆయిలు డబ్బాతో కొంచెం కొంచెంగా ఆయిలు ఎక్కిస్తూ, ముందున్న పుల్లీకి పానా తగిలించి ఇంజన్ని వెనక్కి తిప్పేరు. కన్నం గుటకలేస్తూ తాగింది. తాగినంతసేపూ నేను, ఒకప్పుడు బ్రేకుల్లేని కారుని జొన్నాడ నుంచి ఇంటిదాకా ఎలా తోలుకొచ్చేనో చెప్తున్నాను. (బ్రేకులున్నాయి. హారన్ లేదు.) “స్విచ్చండీ” అని ఆయన చెయ్యి చాపితే అందించేను. కంటికి ఆనని చోటది. తడుముకుంటూనే బిగించేరు.

ఈసారి మూడోసారి సెల్ఫు కొట్టేసరికి ఎర్రదీపం ఠక్కున ఆరిపోయింది. మేస్త్రిగారు కళ్ళు మూసుకుని పెదాలు కదిపేరు. తర్వాత డీజిలు వదిలి స్టార్టు చేస్తే ఇంజను మెత్తగా, మజ్జిగ చిలికినట్టు నడిచింది.

ఇద్దరం సఖినేటిపల్లి రేవుదాకా వెళ్ళొద్దామని బయల్దేరేం. ఎనభై మీద తోలేనని ఇంట్లో చెప్పేను. నలభై దాటలేదు. దారంతా గేదెలు. రేవులో గోదారి దాటించే పంటు దిగి వచ్చేవాళ్ళని చూస్తూ టీ తాగి, తిరిగి షెడ్డుకొచ్చి కారాపేం. పావుగంటకి కారు కింద అరచెయ్యంత మరక. గేరుబాక్సు ఇంజనుకి అతుక్కునే చోటునుంచి చుక్కా చుక్కా పడుతోంది.

మేస్త్రిగారు చుక్కని వేలిమీద పట్టి, రుద్ది, వాసన చూసేరు.

“ఇంజనాయిలేనండీ. వెనక సీలు.” వేలు గుడ్డకి తుడుచుకున్నారు. “అదీ తడుముకునే కూర్చోబెట్టేనండీ. వంకర పడిపోయినట్టుంది. రేపు గేరుబాక్సు దింపి చూద్దాం. సీలు వంకరైతే ఇంక చూసేదేం లేదండీ.”

మాట మామూలుగానే అన్నారు గానీ, కళ్ళు మూలనున్న గోనెసంచి మీదున్నాయి.

మర్నాడు పొద్దున్న పెరట్లో బట్టలుతకబోతూ మా ఆవిడ కేకేసింది. “ఏవండోయ్! జేబులో ఈ రాగి ఉంగరం ఎవరికి చేయించేరు?”

చూడగానే అర్థమైంది. నేను అందించింది స్విచ్చి ఒక్కటే. వాషరు, జొన్నాడ కథలో చెయ్యి ఊపడానికి అడ్డమని జేబులో వేసుకున్నాను. సీలు బాగానే ఉంది. వాషరు లేక స్విచ్చి దగ్గర కారిన ఆయిలు ఇంజను వెంట వెనక్కి పాకి అక్కడ చుక్క కడుతోంది.

మర్యాదస్తుడైతే చెప్పులేసుకు వెళ్ళి చెప్పేస్తాడు. నేను చెప్పులేసుకుని, మా ఆవిడ ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా కూడా పట్టుకెళ్ళేను.

షెడ్డులో మేస్త్రిగారు అప్పుడే కారు కిందకి దూరబోతున్నారు. “ఆగండాగండి. గేరుబాక్సు తర్వాత. ముందు ఇంజను కిరసనాయిలుతో కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లండి. ఎక్కడ తడిస్తే అక్కడే దొంగ,” అన్నాను, ఆ ఉపాయం నా తాతల నాటిదైనట్టు. చాలా ఏళ్ళ కిందట నాకది చూపించింది మేస్త్రిగారే. ఆయనకి గుర్తులేదు. నేను గుర్తుచెయ్యలేదు.

“భలే చెప్పేరండీ!” అని ఆయన పనిలోకి దిగేరు. పౌడరు చల్లేక మా ఇంజను ఆత్రేయపురం పూతరేకులా తయారైంది. పది నిమిషాలు నడిపేం. నేను టార్చిలైటు అటూ ఇటూ తిప్పుతూ, “ఇక్కడ లేదు... ఇక్కడా లేదు...” అని కాస్త నటించి, అప్పుడు స్విచ్చి మీదకి కొట్టేను. “అదుగో!” స్విచ్చి మొదట్లోంచి నల్లటి తడిగీత బయల్దేరి, కిందకి జారి, వెనక అతుకుదాకా పోయింది.

ఇంక ఆయన నవ్వుతారు, సీలు గొడవ తీరింది, అంతా సుఖం అనుకున్నాను. మేస్త్రిగారు స్విచ్చి విప్పేరు. మొదట్లో వేలు పెట్టి చూసుకున్నారు. నా స్టూలు లాక్కుని కూర్చుండిపోయేరు.

“వాషరెయ్యలేదండీ నేను.”

“పోనిద్దురూ, ఇప్పుడు వేస్తే సరిపోతుంది.”

“అది కాదండీ. చేతులు పోయేయేమో అనుకున్నాను. కన్ను ఆనక చెయ్యి తప్పితే కళ్ళజోడు మార్చుకుంటాను, నెమ్మదిగా చేసుకుంటాను. వాషరు వెయ్యడం మర్చిపోయేనంటే బుర్రే పోయిందన్నమాట. రేపు ఎవరి బండికో బ్రేకు నట్టు మర్చిపోతే?”

అప్పుడైనా నోరు విప్పేనా? లేదు. కొత్త వాషరు వేసేరు, చుక్క ఆగిపోయింది. సాయంత్రం హోటల్లో ఆయనే నన్ను ఆకాశానికెత్తేరు. “నేను గేరుబాక్సు దింపేద్దునండీ. మాస్టారు కూర్చున్నచోటునుంచి పట్టేసేరు.” నలుగురూ నా చుట్టూ చేరేరు. ఆ పూట టీ బాగుందని ఇంకోటి కూడా తాగేను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ తాగేను.

మర్నాడు వెళ్ళేసరికి షెడ్డు గోడ బోసిగా ఉంది. చెక్క మీద ఏ పానా చోటు దానిదని తెల్లరంగుతో బొమ్మలు గీసుంటాయి. బొమ్మలున్నాయి, పానాలు లేవు. మేస్త్రిగారు ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచి సంచిలో వేస్తున్నారు. నేను జేబులోంచి వాషరు తీసి ఆయన ముందు పెట్టేను.

“ఇది మీదండీ.”

“ఎక్కడిదండీ ఇది?”

“నా జేబులోది. మీరు మర్చిపోలేదు. నేను ఇవ్వలేదు.”

“మీకెప్పుడు తెలిసిందండీ?”

“పౌడరు చల్లకముందే.”

పానా పెట్టి నన్ను కొట్టబోయేరని రాస్తే బాగుంటుంది. అలాంటిదేం లేదు. చేతిలో ఉన్న పానాని నెమ్మదిగా కింద పెట్టి, నా వంక చూసేరు. “నిజం చెప్పమని ఎంతమంది పిల్లల చెవులు మెలేసేరండీ మీరు?” అన్నారు. నేను తలొంచుకున్నాను. తలెత్తేసరికి ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని హడలిపోయేను. నవ్వుతున్నారు.

“నా బుర్ర ఉందండీ, అయితే!” అన్నారు. మళ్ళీ ముఖం బిగించేరు. “నాకొక్కడికే చెప్తే చాలదండీ. మా చర్చిలో తప్పు ఒప్పుకున్నవాడు లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్తాడు. పదండి హోటలుకి.”

హోటల్లో నిన్నటి నలుగురూ ఉన్నారు. లేచి నిలబడ్డాను. “ఆ రోజు విపరీతమైన ఎండ. షెడ్డులో వెలుతురు కూడా...” అని మొదలెట్టేను.

“ఎండ సంగతి వద్దండీ మాస్టారూ,” అన్నారు మేస్త్రిగారు. “వాషరు సంగతి చెప్పండి.”

చెప్పేను. జొన్నాడ కథలో హారన్‌తో సహా మొత్తం చెప్పేను. హోటలంతా గొల్లుమంది. టీ కాచే ఆయన గరిటె పట్టుకునే ముందుకొచ్చేడు.

“పౌడరు ఆలోచనైనా మీదేనాండీ?”

“అదీ మేస్త్రిగారిదే.”

“డబ్బా?”

“మా ఆవిడది.”

“మరి ఇందులో మీదేం ఉందండీ?”

“జేబండీ,” అన్నాను.

నవ్వులు సద్దుమణిగేసరికి మేస్త్రిగారు బల్ల దగ్గర లేరు. సగం తాగిన గ్లాసు అక్కడే ఉంది. షెడ్డుకి వెళ్ళి చూద్దును కదా, పానాలన్నీ సంచిలోంచి తీసి, తెల్ల బొమ్మల మీద ఎక్కడివక్కడ తగిలించేస్తున్నారు. ఇంతలో పొగలు కక్కుతూ ఓ వ్యాను వచ్చి ఆగింది. మేస్త్రిగారు దాని బానెట్టెత్తి, లోపలికి వంగి, వెనక్కి చెయ్యి చాపేరు.

“మాస్టారూ, ఆ పద్నాలుగో నంబరు పానా ఇలా...” అని ఆగి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “వద్దులెండి. నేనే తీసుకుంటాను. మీరు కూర్చుని కబుర్లు చెప్పండి.”