బొమ్మ టీచరు విన్న మాట

గనులు జోరు మీదున్న ఆ రోజుల్లో నేను బళ్ళారి జిల్లా చోరనూరు దగ్గర ఒక చిన్న బడిలో టీచర్ని. పొద్దుటి నుంచి ఇనుప ఖనిజం లారీలు ఆగకుండా తిరిగేవి. బోర్డు తుడిచే గుడ్డ, పిల్లల జుట్టు, కిటికీ అద్దాలు, అన్నిటిదీ ఒకటే ఎర్ర రంగు. ఆ ఏడాది గని యజమాని ఒకాయన బడికి కంప్యూటర్లు ఇచ్చి, ఇంటర్నెట్ పెట్టించాడు. ఆన్‌లైన్ పాఠాలు మొదలయ్యాయి. వాటిలో పాఠం చెప్పేది మనిషి కాదు, బొమ్మ.

పసుపు చీర, ఒంటి జడ, పెద్ద కళ్ళు. కన్నడంలో మాట్లాడేది. ప్రశ్న అడిగి, తల కాస్త పక్కకు వాల్చి, పిల్లలు మైకులో జవాబు చెప్పేదాకా కాచుకునేది. చెప్పింది తప్పో ఒప్పో దానికి తెలియదు. గొంతు ఆగగానే "శభాష్" అనేది. వెంటనే "ఆమేలె?" అని, ఆ తర్వాత ఏమిటో చెప్పమని అడిగేది. ఎవరూ పలకకపోతే రెప్పలు ఆడించి మళ్ళీ అదే మాట. నెట్ మందగిస్తే కళ్ళు సగం మూసుకుని అలాగే నిలిచిపోయేది. గదిలో ఎవరూ లేకపోయినా ఊపిరి పీలుస్తున్నట్టు దాని భుజాలు కదిలేవి. నాకు మొదటి నుంచీ అది నచ్చలేదు. పిల్లలు మాత్రం బొమ్మక్క అని పిలుచుకునేవారు.

మూడో తరగతిలో ఒక పాప ఉండేది. ఆ వానాకాలం నుంచి మాట్లాడటం మానేసింది. వాళ్ళ నాయన రైతు. చేని కింద ఖనిజం ఉందని తేలాక జొన్న వేయడం మానేసి, చేనే తవ్వించాడు. లారీ కొన్నాడు. తవ్విన గుంతలో వాన నీళ్ళు నిండాయి. పెద్ద కూతురు అందులో మునిగి చనిపోయింది. మేకపిల్ల కోసం దిగి జారిందని ఊరంతా అనుకున్నారు. చిన్నపాప అప్పుడు గట్టు మీదే ఉంది. బళ్ళారిలో డాక్టర్లకు చూపించారు. దర్గాకు తీసుకెళ్ళారు. నేను మా చర్చిలో ప్రార్థన చేయించాను. మాట మాత్రం రాలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక కంప్యూటర్ గదికి తాళం వేద్దామని వెళ్ళాను. లోపల రెండు గొంతులు వినిపించాయి. ఒకటి బొమ్మది. రెండోది నాకు తెలియనిది. సన్నగా, గరగరలాడుతూ ఉంది. తలుపు సందులోంచి చూస్తే, ఆ పాప తెరకు ముఖం ఆనించినట్టు కూర్చుని ఉంది.

"అక్కా, చలి పెడతాందా?" అంటోంది.

"శభాష్. ఆమేలె?" అంది బొమ్మ.

"నా చెప్పు కొట్టుకపోతాంటే నువ్వే దిగినావు. నేను దిగమన్లేదు."

"శభాష్. ఆమేలె?"

"నాయనకు చెప్పద్దు, కొడతాడు, తీసుకొని వస్తా, నువ్వు ఈడే ఉండు అన్న్యావు. నేను ఈడనే ఉండాను. ఎవుర్నీ పిల్సలా."

కిటికీలోంచి ఎర్రటి వెలుతురు పడుతోంది. బొమ్మ తల వాల్చి చూస్తోంది. దానికి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ మాటకొస్తే ఏ భాషా రాదు. అయినా అన్నీ అర్థమైన దానిలా ఆగి వింటోంది.

వెళ్ళి పాప పక్కన కూర్చున్నాను. నావైపు తిరగలేదు. మాట ఆపేసింది. "ఆమేలె?" అంది బొమ్మ. మళ్ళీ అడిగింది. ఇక ఉండలేక స్విచ్ మీదికి చెయ్యి చాపాను. పాప నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ చిన్న వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"అక్క లోపలికి పోయింది. బుడగలొచ్చినాయి. మళ్ళ అవీ నిల్చిపోయినాయి" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

పాఠం అక్కడికి అయిపోయిందేమో, బొమ్మ నవ్వి చప్పట్లు కొట్టింది. తెర నిండా బంగారు చుక్కలు రాలాయి. పాప వాటిని చూస్తూనే ఉంది. అంత భయం నేను ఏ చావు ఇంట్లోనూ పడలేదు.

మర్నాడు వాళ్ళ నాయనను పిలిపించాను. లారీ దిగి వచ్చాడు, కనుబొమల దాకా ఎర్ర దుమ్ము.

"నీ బిడ్డ మాట్లాడిందప్పా" అన్నాను.

"యాడ మాట్లాడింది? ఎవురితో?"

విన్నదంతా చెప్పాను. మేకపిల్ల కాదని, చెప్పు కోసమని, నాయన కొడతాడని ఎవరినీ పిలవలేదని. ఆయన వరండా స్తంభానికి ఆనుకుని అలాగే కింద కూలబడ్డాడు.

"ఒక చెప్పుకు నేను కొడతానని భయపడినారా, మేడం?" అన్నాడు.

పాప కంప్యూటర్ గదిలోనే ఉంది. ఆయన వెళ్ళి ఆమె ముందు గొంతు కూర్చున్నాడు. "కొట్టనమ్మా. ఎప్పటికీ కొట్టను. నీ తప్పేం ల్యాదు. గుంత తీసింది నేను" అన్నాడు. పాప ఆయన ముఖంలోకి చూసింది. మెల్లగా తల పక్కకు వాల్చింది. రెప్పలు ఆడించింది.

"ఆమేలె?" అంది.

గొంతు పాపదే. పలికిన తీరు మాత్రం అచ్చం బొమ్మదే. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. కళ్ళు తుడుచుకుని, పెద్ద కూతురు పుట్టిన నాటి నుంచి చెప్పుకుంటూ పోయాడు. ఆగినప్పుడల్లా పాప అడిగింది. అడిగినప్పుడల్లా ఆయన చెప్పాడు.

అలా మాట తిరిగి వచ్చింది. మొదట నాయనతో, తర్వాత నాతో, ఆ పైన పిల్లలతో. బొమ్మ ముందు కూర్చోవడం దానంతట అదే తగ్గిపోయింది.

ఆయన చేను తవ్వించడం ఆపేశాడు. తన లారీతోనే మట్టి తోలి గుంత పూడ్చాడు. వాన పడగానే ఆ చోటు కుంగింది. మళ్ళీ తోలాడు. మళ్ళీ కుంగింది. నేను ఆ బడి వదిలి బళ్ళారికి వచ్చేసే రోజు బస్సు ఆ చేని పక్కగానే వచ్చింది. లారీ వెనక్కి వంగి మట్టి దించుతోంది. పాప వాళ్ళ నాయన చెయ్యి పట్టుకుని గట్టు మీద నిలబడి, ఏదో చెబుతూ ఉంది.