పెళ్ళి వీడియోకి పడిన తాళం

మా ఉప్పాడ పల్లంరాజు బాబాయ్ ఊరికే వచ్చిన వస్తువును నమ్మడు. డబ్బు పెట్టి కొన్నదాన్ని కొంతవరకు నమ్ముతాడు. దాంతోపాటు ఉచితంగా ఇచ్చినదాన్ని మాత్రం పెరట్లోకి దూరిన కొత్త మనిషిని చూసినట్టు చూస్తాడు.

ఒకసారి పళ్ళ పేస్టు కొంటే దానికి బ్రష్షు అంటించి ఇచ్చారు. బాబాయ్ కొట్లోనే నిలబడి, గోటితో ఆ బ్రష్షును ఊడదీసి బల్ల మీద పెట్టి వచ్చేశాడు. కొట్టతను మర్చిపోయాడేమోననుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. అంత పరిగెత్తి మరీ ఇస్తున్నాడంటే అందులో ఏదో ఉందని బాబాయ్ ఇంకా వేగంగా నడిచాడు.

ఇంకోసారి కూరగాయలమ్మి వంకాయలు తూచి, పైన కరివేపాకు రెబ్బ వేసింది. బాబాయ్ సంచీ కింద పెట్టి, "వంకాయల్లో ఏం తేడా ఉందమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ఆవిడ కరివేపాకుతోపాటు వంకాయలు కూడా వెనక్కి లాక్కుని బుట్టలో పోసుకుంది. ఆ పూట వాళ్ళింట్లో చారన్నమే. గుళ్ళో ప్రసాదం ఒక్కటే ఏమీ అడక్కుండా తింటాడు. అది కూడా పూజారిగారు నోట్లో వేసుకున్న తర్వాత.

బాబాయ్‌కి ఊళ్ళో ఫొటో స్టూడియో ఉంది. నాన్న పడవ విరిగిన ఏడాది నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోతే, అందులో పనికి కుదిరాను. పెళ్ళి వీడియోలు కత్తిరించి అతకడం ఆయనే నేర్పాడు. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడని మనిషంటే ఆయనకు కాస్త నమ్మకం.

స్టూడియోలో ఒక పాత కంప్యూటరు ఉంది. ఊరి పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. పాత క్యాసెట్లకు ఉప్పుగాలికి బూజు పట్టింది. జనానికి ఇచ్చిన సీడీలు, ఏటేటా ఒడ్డు కోతకు కూలిన ఇళ్ళతోపాటు సముద్రంలోకి పోయాయి. ఒడ్డు వరస ఇళ్ళవాళ్ళకు తమ వాకిలి ఎలా ఉండేదో చూసుకోవాలంటే ఇక మా కంప్యూటరే దిక్కు. మహాలక్ష్మమ్మ మామ్మ అందుకే తరచుగా వచ్చేది. కొడుకు పెళ్ళి పెట్టమనేది గానీ కొడుకును చూసేది కాదు. "ఆ పందిరి పక్కకి జరుపమ్మా, నా పొయ్యి కనపడాలి," అనేది. పందిరి జరగదని చెప్పడానికి నాకు మొహమాటంగా ఉండేది.

ఆ కంప్యూటరు ఉన్నట్టుండి టకటకమని శబ్దం చేయడం మొదలుపెట్టింది. కాకినాడలో కంప్యూటర్ల కొట్టు నడిపే అశోక్‌కి ఫోన్లో ఆ శబ్దం వినిపించాం. లోపల డిస్కు పోతోందనీ, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని వీడియోలన్నీ దాంట్లోకి ఎక్కించుకోమనీ, ఆలస్యం చేస్తే ఒక్కటి కూడా మిగలదనీ చెప్పాడు. బస్సెక్కి వెళ్ళాం.

అశోక్ అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా చూపించాడు. బాబాయ్ బరువు చూశాడు, ఊపి చూశాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. కొనేసేవాడే. అంతలో అశోక్ నోరు జారాడు.

"దీంతో సాఫ్ట్‌వేరు ఫ్రీగా వస్తుందండి."

బాబాయ్ ఆ డబ్బాను బల్ల మీద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

అదేం చేస్తుందని అడిగాడు. వీడియోలన్నీ దానంతటదే దాచి, పాస్‌వర్డ్‌తో తాళం వేస్తుందన్నాడు అశోక్. ఆ తాళం తియ్యాలంటే? ఆ సాఫ్ట్‌వేరే ఉండాలి. కంపెనీవాడు రేపు దాన్ని ఆపేస్తే? ఆపడండి, పెద్ద కంపెనీ. ఫిల్ము రీళ్ళవాడు కూడా పెద్ద కంపెనీయే కదా, ఇప్పుడెక్కడున్నాడన్నాడు బాబాయ్. అశోక్ దారి మార్చాడు.

"వద్దనుకుంటే తుడిచేయొచ్చండి. డిస్కు మామూలుగా పనిచేస్తుంది."

"తుడిచేసేదాన్ని పెట్టడం ఎందుకు?"

"మీ మేలుకేనండి."

ఆ మాటతో బేరం పూర్తిగా చెడింది. తన మేలు కోరుతున్న కంపెనీ పేరు డబ్బా మీద మరోసారి చదువుకుని బాబాయ్ బయటికి నడిచాడు. బస్సులో ఉప్పాడ వచ్చేదాకా, ఊరూ పేరూ తెలియనివాడికి మన మేలుతో ఏం పనో నన్ను ఆలోచించమన్నాడు. నేను కిటికీలోంచి సముద్రం చూస్తూ ఆలోచిస్తున్నట్టు తల ఊపాను.

కంప్యూటరు శబ్దం పెరిగింది. ఒక పెళ్ళి మధ్యలో తాళి కట్టే చోట ఆగిపోయి మళ్ళీ కదల్లేదు.  మర్నాడే వెళ్ళి ఆ నల్ల డబ్బానే కొన్నాం. కానీ తుడిచేస్తాను ఇవ్వమని అశోక్ చెయ్యి చాపితే బాబాయ్ ఇవ్వలేదు. తుడుస్తానంటూ ఇంకేం పెడతాడో అని అనుమానం. ముందు ఆ ఫ్రీది ఏం చేస్తుందో తన కళ్ళతో చూడాలన్నాడు.

మా ఊళ్ళో కొత్త పడవను నీళ్ళలో దింపితే మొదటి రోజు వల ఎక్కించరు. పోయినా ఫరవాలేని సామానుతో ఒక చుట్టు తిప్పి, ఎక్కడ కారుతుందో చూస్తారు. డిస్కును కూడా అలాగే చూద్దామన్నాడు. ఊరివాళ్ళ వీడియోలు ముట్టుకోవద్దని, తన పెళ్ళి వీడియో ఎక్కించమన్నాడు. కాపీ చేస్తాను బాబాయ్, ఇక్కడ కూడా ఒకటి ఉంటుంది అన్నాను.

"పడవెక్కినవాడు ఒడ్డున కూడా ఉంటాడేంటే? ఇక్కణ్ణించి తీసెయ్. అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది."

డిస్కులోకి ఎక్కించి, ఇక్కణ్ణించి తీసేశాను. సాఫ్ట్‌వేరు స్వాగతం పలికి, పేరు అడిగింది. బాబాయ్ నన్ను గోడవైపు తిరగమని, తానే ఒంటి వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. పుట్టినరోజు అడిగితే జాతకం వేస్తుందా అని విసుక్కున్నాడు. మొదట చదివిన బడి అడిగితే, నా బడితో వీడికేం పనన్నాడు. పాస్‌వర్డ్ పెట్టమంటే చేతికొచ్చిందేదో కొట్టిన చప్పుడు వినిపించింది. చివరికి లేచి తృప్తిగా చేతులు దులుపుకున్నాడు.

"అన్నీ అబద్ధాలే చెప్పాను. ఇప్పుడు చేసుకోమను ఏం చేసుకుంటాడో."

మర్నాడు పొద్దున్న డిస్కు తగిలించాం. పాస్‌వర్డ్ అడిగింది. బాబాయ్ కొట్టాడు, తప్పంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ తప్పంది. మర్చిపోతే పుట్టినరోజు చెప్పమంది. అసలు పుట్టినరోజు పనికిరాదు, చెప్పిన అబద్ధం కావాలి. బడి పేరు దగ్గర ఉప్పాడ నుంచి పిఠాపురం దాకా ఉన్న బళ్ళన్నీ కొట్టి చూశాడు. ఆఖరికి అది చాలా మర్యాదగా, ఇంకోసారి తప్పు చెబితే లోపలున్నదంతా చెరిపేస్తానని చెప్పింది.

అశోక్ దగ్గరికి పరిగెత్తాం. అతను చూసి నిట్టూర్చాడు. ఇది ఎవరూ తియ్యలేరనీ, కంపెనీవాడు కూడా తియ్యలేడనీ చెప్పాడు. పెళ్ళి వీడియో పోగొట్టుకున్న మనిషి అంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

"చెప్పానా లేదా? కంపెనీవాడికీ రాదంటున్నాడు. విన్నావు కదే?"

సాఫ్ట్‌వేరుతో సహా డిస్కు మొత్తం తుడవమన్నాడు. తుడుస్తున్నంతసేపూ తెర ముందే కూర్చుని కన్నార్పకుండా చూశాడు. ఇంటికొచ్చాక ఊరి పెళ్ళిళ్ళన్నీ ఎక్కించాం. ఈసారి కాపీయే చేశాను, ఆయన చూడనట్టు కండువా వెతుక్కున్నాడు. తర్వాత డిస్కును కండువాలో చుట్టుకుని ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసుకీ, బడికీ, గ్రామ సచివాలయానికీ తిప్పాడు. ప్రతిచోటా కంప్యూటరుకు తగిలించి, అది ఏమైనా అడుగుతోందా అని చూశాడు. ఎక్కడా ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి కాసేపు దాన్నీ అనుమానించాడు.

పాత కంప్యూటరు ఆ వారంలోనే ఆగిపోయింది. బాబాయ్ ఇంటి టీవీకి డిస్కు తగిలించి మహాలక్ష్మమ్మ మామ్మను పిలిపించాడు. మామ్మ పొయ్యి చూసుకుంది, వాకిలి చూసుకుంది, కొత్తగా ఈసారి కోళ్ళగూడు కూడా కనిపెట్టింది. పక్కనే కూర్చున్న వీరవేణి పిన్ని, అంటే బాబాయ్ భార్య, ముచ్చటపడి, "మనది పెట్టండి," అంది.

బాబాయ్ నా వైపు చూశాడు. నేను టీవీ వైపు చూశాను.

చివరికి ఆయనే చెప్పాడు. పిన్ని టీవీ మీంచి చూపు ఆయన వైపు తిప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఊళ్ళో ఇన్ని పెళ్ళిళ్ళున్నాయి. పోయినా ఫరవాలేనిది మీకు నాదే దొరికిందా?"

"మన వాకిలి చూడాలంటే తలుపు తీస్తే చాలు కదే. మహాలక్ష్మమ్మ పెద్దమ్మ వాకిలి చూడాలంటే తలుపెక్కడుంది?" అన్నాడు బాబాయ్, నేల చూస్తూ. "దానికి తాళం పడితే, ఈవిడ ఏ కంపెనీకి ఫోన్ చేస్తుంది?"

మామ్మ కళ్ళు టీవీ మీదే ఉన్నాయి గానీ చెవులు ఇటే ఉన్నాయి. గొంతు సవరించుకుని, "వాకిలుంది, మొగుడూ పెళ్ళామూ ఉన్నారు. మళ్ళీ తీసుకోడానికి మీకేం రోగం?" అంది.

ఆ సాయంత్రమే తీశాం. ఎప్పుడూ కెమెరా పట్టేది బాబాయే కాబట్టి, ఈసారి అది నా చేతికొచ్చింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. పిన్ని జామ్‌దానీ చీర కట్టుకుంది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కెమెరా వైపు అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు. చుట్టుపక్కలవాళ్ళు గోడలెక్కి సలహాలు చెప్పారు. మామ్మ అక్షింతల పళ్ళెం పట్టుకుని పెళ్ళిపెద్దయింది.

"తల దించవే వీరవేణీ, పెళ్ళికూతురివి."

"దించనండి. ఈయన మీద కన్నేసి ఉంచాలి," అంది పిన్ని.

బాబాయ్ నవ్వాడు. ఆ నవ్వు నాకు దొరికింది.