తుల్సీరాం వాకిట్లో స్కోప్యే

తుల్సీరాం వాకిట్లో చూసి అడుగు వేయాలి. వాన వెలిసి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఎర్రమట్టి మీద సున్నపు గీతలు ఇప్పటికీ లీలగా కనిపిస్తాయి. వెడల్పాటి జంట గీత నది. దాని మీద వంతెన. వంతెనకు అటు పాత బజారు, ఇటు రైలు స్టేషన్. కొత్తగూడెం దాటాక అడవి మొదలయ్యే చోట, కోళ్లగూటికీ కట్టెల మోపుకూ మధ్య, యుగోస్లావియా దేశపు పట్నం ఒకటి ఉందని చెబితే మొదట నేనూ నవ్వాను. తర్వాత చాలా సాయంత్రాలు ఆ అరుగు మీద కూర్చుని కొంత ఆయన నోట, కొంత ఆయన భార్య కమ్లి నోట విన్నాను. ఇద్దరూ చెప్పినదాంట్లో తేడా లేదు. అదే నాకు కొంచెం భయం కలిగించిన సంగతి.

తుల్సీరాం కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. వాళ్ల లంబాడీ తండాలో మొదటి సర్కారు నౌకరి ఆయనదే. తండ్రి రూప్లా ఎడ్లబండి మీద అడవి ఊళ్లకు ఉప్పు, మిరపకాయలు చేరవేసేవాడు. కొత్త ఊరికి పోవాల్సి వస్తే, ఆ దారి ఎరిగినవాళ్లను అడిగి, ఇంటి ముందు నేల మీద రాళ్లు పేర్చి, గుర్తుండేదాకా వాటి మధ్య తిరిగేవాడట. కొడుక్కు అదే అలవాటు వచ్చింది. రాళ్లకు బదులు సున్నం.

తక్కువ ఖర్చుతో నాలుగు రోజులు ఎక్కడికైనా పోయి రావాలంటే చుట్టుపక్కల అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. కాశీ, రామేశ్వరం, మైసూరు, ఏ ఊరైనా సరే పటం సంపాదించి వాకిట్లో గీసేవాడు. పోయేవాళ్లను అందులో నడిపించేవాడు. మోకాళ్ల నొప్పుల ముత్తక్కను కాశీ ఘాట్లలో మూడుసార్లు తిప్పాడు.

"కాశీకి పోతనో పోనో గానీ నీ వాకిట్లనే నా ప్రాణం పోయేటట్టుంది తమ్మీ" అందట ఆమె.

"ఈడ కూసుంటివి చూడు, గాడ కూడా గీ జాగలనే కూసుంటవు. ఆడనే చాయ్ తాగుదువు. రిక్షా కిరాయి మిగిలె" అని చెప్పి, మిగిలింది తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు తుల్సీరాం. ముత్తక్క తిరిగొచ్చి, సరిగ్గా అక్కడే కూర్చున్నానని ఊరంతా చెప్పింది. రాత్రి రైలెక్కితే గది కిరాయి మిగులుతుందన్నది ఆయన మొదటి సూత్రం. నడిచి చూడనిదే ఏ దారీ తెలియదన్నది రెండోది.

1991 ఫిబ్రవరిలో సత్తుపల్లి నుంచి నిర్మలాదేవి వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం. అరవై దగ్గర పడుతున్న మనిషి, పిల్లలు లేరు. సంచీలోంచి పాత కవరు తీసి అరుగు మీద పెట్టింది.

"ఇదీ ఊరు నాయనా. నాలుగు రోజులు చాలు. మామిడి తోట కౌలు డబ్బులున్నాయి, అంతకు మించి నా దగ్గర లేదు. అందులో అయితే చెప్పు. కాకపోతే కాదని చెప్పు."

కవరులో ఒక ఉత్తరం, మడతల దగ్గర చిరిగిన పటం ఉన్నాయి. ఆమె భర్త గనుల ఇంజనీరు. 1963లో బొగ్గు యంత్రాల పని నేర్చుకోవడానికి ఆ దేశం వెళ్లాడు. రెండు రోజులు సెలవు దొరికితే స్కోప్యే అనే పట్నం చూసి వస్తానని, చవకగా ఎలా తిరగబోతున్నాడో రాసి, పటం మీద ఎర్ర పెన్సిలుతో దారి గీసి, ఉత్తరం పోస్టులో వేసి రైలెక్కాడు. స్టేషన్లో దిగడం, హోటల్లో సామాను పెట్టడం, పొద్దున్నే వంతెన దాటి బజారు చూడడం, మళ్లీ హోటలు. హోటల్లో దిగిన మర్నాడు తెల్లవారుజామునే భూకంపం వచ్చింది. హోటల్ కూలింది. ముందు తంతి వచ్చింది, వారం తర్వాత ఈ ఉత్తరం వచ్చింది.

"ఆయన గీసుకున్న దారి ఆయన నడవలేదు" అంది నిర్మలాదేవి. "ఒక్కసారి నేను నడిచి వస్తాను. కళ్లలో నీటికాసులన్నారు డాక్టరు గారు. దసరా దాటితే దారి కనపడదట."

తుల్సీరాం పటాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. "పోదురు గానీ అమ్మా" అన్నాడు. "నేను నడిచి చూస్త ముందు."

బొంబాయి దాకా రైలు. అన్నిటికన్నా తక్కువ టికెట్ ఉన్న విమానంలో బెల్‌గ్రేడ్. అక్కణ్నుంచి రాత్రి రైలు, గది కిరాయి మిగులుతుంది. అటుకులు, కారప్పొడి వెంట తీసుకుపోతే రెండు పూటల తిండి మిగులుతుంది. స్కోప్యే పర్యాటక శాఖకు తనకు వచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు: ఫలానా హోటల్ ఉండిన చోటికి దగ్గర, ఫలానా వీధుల్లో చవకైన గది ఎక్కడ దొరుకుతుంది, ముసలివాళ్లు కూర్చోవడానికి బెంచీలున్నాయా, అని. జవాబు వచ్చేలోగా వాకిట్లో సున్నం పోశాడు.

మొదటి రోజు డ్యూటీ నుంచి వచ్చి, అయిదింటికి స్టేషన్ గీత దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుని బయల్దేరాడు. వంతెన దాటి, బజారు చుట్టి, హోటల్ దగ్గరికి వచ్చి మళ్లీ చూసుకున్నాడు. అయిదూ పదిహేడు. ఇంట్లోకి వెళ్లి అన్నం తిన్నాక కూడా అయిదూ పదిహేడే. ఆగిపోయింది.

కీ ఇస్తే నడిచింది. రెండో రోజు వాకిట్లోకి దిగాక మళ్లీ అక్కడే ఆగింది. మూడో రోజూ అంతే. కొత్తగూడెం బజారులో గడియారాల మోతీలాల్ దాన్ని విప్పి, కంటికి అద్దం పెట్టుకుని చూసి, "దీనికేం రోగం లేదు భయ్, నీకే ఏమైనా ఉందేమో చూపించుకో" అన్నాడు. నిజమే, తుల్సీరాం వాకిట్లో నడవని రోజు గడియారం చక్కగా తిరిగేది.

కమ్లికి గడియారం సంగతి పట్టలేదు. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతూ ఆయన కాళ్లు చూసేది. హోటల్ అని గీసిన చోట ఆయన మోకాలు పైకెత్తి అడుగు వేసేవాడు. ఒకటి, రెండు, మూడు. చదును నేల మీద.

"ఏందయ్యా, కల్లు తాగినోని లెక్క గట్ల కాళ్లెత్తి నడుస్తవ్?"

"నేనేడ ఎత్తిన?"

"ఇగో, గిట్ల." లేచి నడిచి చూపించింది. ఆయన నవ్వాడు. మర్నాడు కావాలనే గమనిస్తూ నడిచాడు. ఆ చోటికి రాగానే కాలు దానంతట అదే లేచింది. ఆ రోజు ఆయన నవ్వలేదని కమ్లి చెప్పింది.

ఇంకోటి కూడా. కోళ్లు ఆ గీతల మీదుగా నడవడం మానేశాయి. గింజలు చల్లినా, అంచు దాకా వచ్చి మెడ చాచి, అందినంత ఏరుకుని వెనక్కి పోయేవి. ఒక సాయంత్రం తుల్సీరాం బజారు మలుపులో ఆగి, పక్కకు ఒదిగి, ఎవరికో దారి ఇచ్చాడు. కమ్లి చేట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఎవలకు జరిగినవ్?"

"ఇరుకు గల్లీ గదా" అన్నాడు ఆయన, అదేదో తెలిసిన విషయమే అయినట్టు.

మే నెల ఆఖర్లో జవాబు వచ్చింది. మర్యాదగా రాసిన ఒక పేజీ ఉత్తరం, మెరిసే కొత్త పటం, ఒక బొమ్మ కార్డు. మీరు అడిగిన వీధుల్లో చాలావరకు ఇప్పుడు లేవు, మీ దగ్గరున్నది భూకంపానికి ముందటి పటం కావచ్చు, ఊరిని తర్వాత కొత్తగా కట్టుకున్నాం, అని రాశారు. మీరు అడిగిన హోటల్ ఉన్న చోటు ఇప్పుడు ఖాళీ స్థలం. బొమ్మ కార్డు మీద సగం కూలిన పాత రైలు స్టేషన్ ఉంది. దాన్ని జ్ఞాపకంగా అట్లాగే ఉంచారట. గోడ మీద పెద్ద గడియారం, భూకంపం వచ్చిన నిమిషం దగ్గర ఆగిపోయి ఉంది.

అయిదూ పదిహేడు.

తుల్సీరాం ఆ కార్డును కమ్లి చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు గానీ ముళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. కాసేపు చూసి, కార్డు బోర్లా పెట్టింది.

"అయితే గా ఊరు పాడుబడ్డ ఊరా?"

"అవ్."

"మూడు నెలలు తిరిగినవ్. పేరు చెప్పి పొయినవా?"



అడవిలో వీళ్ల పాత తండా ఉన్న దిబ్బ ఒకటి ఉంది. మశూచి వచ్చి మనుషులు పోతే మిగిలినవాళ్లు ఇటు జరిగారు. తునికాకు ఏరడానికి ఆ దిబ్బ మీదుగా పోవాల్సి వస్తే, తండావాళ్లు అంచున ఆగి, చెప్పులు విప్పి, తమ పేరు, ఎవరి బిడ్డో, ఏం పని మీద వచ్చారో గట్టిగా చెప్పి కాలు పెడతారు. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడరు. చెప్పకుండా నడిస్తే, అక్కడ ఉన్నవాళ్లు ఆ మనిషిని తమలో ఒకడనుకుంటారు. తుల్సీరాం చిన్నప్పటి నుంచి ఎన్నడూ తప్పలేదు. ఇక్కడ మాత్రం బతికున్న ఊరనుకున్నాడు. ఒక హోటల్ కూలిందనుకున్నాడు గానీ ఊరే పోయిందనుకోలేదు.

కమ్లి పేడనీళ్ల బకెట్ తెచ్చింది, మొత్తం అలికేస్తానని. ఆయన అడ్డం నిలబడ్డాడు. "సత్తుపల్లి అమ్మ రాకముందే తుడిచేస్తే ఎట్ల? కొత్త పటం మీద వాళ్లాయన దారి లేదు. ఉన్నది గిక్కడనే."

"మరి నీ సంగతేంది?"

"నాదేముంది."

జూన్ చివర్లో రేడియో చెప్పింది, యుగోస్లావియాలో యుద్ధం మొదలైందని. వారానికి హైదరాబాదు టికెట్ల ఏజెంటు దగ్గర్నుంచి కబురు: ఇప్పట్లో కుదరదు, ఎప్పటికి కుదురుతుందో చెప్పలేం. తుల్సీరాం సత్తుపల్లికి ఉత్తరం రాశాడు. నాలుగుసార్లు చించి అయిదోసారి రాశాడు. ఆ దారి నా వాకిట్లో ఉంది, మీకు అభ్యంతరం లేకపోతే రండి, అని.

ఆమె జూలై ఇరవై అయిదున వచ్చింది, అన్న కూతురు హైమ చెయ్యి పట్టుకుని. చూపు అప్పటికే సగం పోయింది. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనిపిస్తుంది, పక్కలు చీకటి. మర్నాడు తెల్లవారుజామున, భర్త పోయిన తేదీ పొద్దునే, నడుస్తానంది. వాన పడకుండా ఆగింది. తుల్సీరాం గీతల మీద కొత్త సున్నం పోశాడు.

అంచు దగ్గర కమ్లి ఆమెను ఆపి చెప్పులు విప్పించింది. "మీ పేరు చెప్పుండ్రి అమ్మా. ఎవల మనిషో, ఎందుకొచ్చిండ్రో గట్టిగ చెప్పుండ్రి. చెప్పకుంట పోవద్దు."

"నా పేరు నిర్మలాదేవి. మాది సత్తుపల్లి." అక్కడ ఆగింది. "మా ఆయన కోసం వచ్చాను."

"గట్లయితే వాళ్లకెట్ల ఎరుకైతదమ్మా? పేరు చెప్పాలె."

పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్త పేరు నోట పలకలేదు. ఆ తరం ఆడవాళ్లు పలకరు. పోయిన ఇరవై ఎనిమిదేళ్లలోనూ పలకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసింది.

"వెంకటప్పయ్య గారి భార్యని" అంది గట్టిగా. "ఆయన నడవాలనుకున్న దారి నడిచి వెళ్దామని వచ్చాను."

తుల్సీరాం రెండడుగులు వెనక నడుస్తూ దారి చెప్పాడు. ఇది స్టేషన్ అమ్మా. కుడికి తిరగండి. ఇది వంతెన, కింద నది. ఇక్కడ బజారు, కంచు గిన్నెలు అమ్ముతారట, మీ ఆయన రాసుకున్నారు గదా. ఆమె ఎక్కడా గీత తొక్కలేదు. బజారు మలుపులో పక్కకు ఒదిగింది. హోటల్ దగ్గరికి వచ్చేసరికి ఆయన దారి చెప్పడం ఆపి ఆమె కాళ్ల వంక చూశాడు.

ఆమె చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుంది. మోకాలెత్తి అడుగు వేసింది. ఒకటి, రెండు, మూడు.

"మెట్లున్నాయని చెప్పలేదేం నాయనా?" అంది వెనక్కి తిరగకుండానే.

అరుగు మీద కమ్లి హైమ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తుల్సీరాం గడియారం చూసుకోలేదు. అవసరం లేదు.

ఆమె అక్కడ కొంతసేపు నిలబడింది. ఏదో అంది, ఎవరికీ వినపడలేదు. తర్వాత వచ్చిన దారినే నడిచి, వెనక్కి చూడకుండా అంచు దాటి, చెప్పులు వేసుకుని, "అయిపోయింది" అంది. చాయ్ అడిగి రెండు గ్లాసులు తాగింది. పదింటి బస్సుకి వెళ్లిపోయింది. దసరాకు చూపు పూర్తిగా పోయిందని, అయినా ఇల్లంతా ఎవరి సాయం లేకుండా తిరుగుతోందని, ముఖంలో దిగులు లేదని తర్వాత హైమ రాసింది.

కానీ ఆ పొద్దున బస్సు వెళ్లగానే కమ్లి భర్తను మళ్లీ అంచు దగ్గర నిలబెట్టింది.

"ఇప్పుడన్న చెప్పు. ఆలిశమైనా చెప్పు."

"నేను తుల్సీరాం" అన్నాడు. "రూప్లా కొడుకుని." ఎందుకొచ్చాడో చెప్పాలి. ఆలోచించాడు. ఉన్నమాటే చెప్పాడు. "దారి చూపెట్టనీకి వచ్చిన."

కమ్లి తల పట్టుకుంది. "ఏం మాటయ్యా అది? దారి చూపెట్టెటోణ్ని అంటవా? గంతమంది ఉన్న ఊర్ల నిలబడి?"

అప్పటి నుంచి కోళ్లు గీతలు దాటుతున్నాయి. గడియారం సరిగ్గా నడుస్తోంది. కమ్లి మూడుసార్లు అలికింది. సున్నం కింది నుంచి మళ్లీ తేలుతుంది. ఆమె ఇక అలకడం మానేసింది.

పోయిన వానాకాలం ఒక రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాను. తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. తుల్సీరాం వాకిలి అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు, భుజాన తువ్వాలు, చేతిలో పాత పటం. ఎదురుగా ఎవరూ లేరు. టికెట్ కిటికీలోంచి మాట్లాడినట్టే, ఓపిగ్గా, విసుగు లేకుండా చెబుతున్నాడు.

"వంతెన దాటి కుడికి పోండ్రి. దూరమేం లేదు. నడవొచ్చు, కిరాయి దండుగ."

కొంచెం ఆగి, ఇంకొంచెం పక్కకు చూసి, మళ్లీ అన్నాడు.

"మీరేడికి పోవాలె?"