బొందలగడ్డ దాటని రాగం

ఆ కాగితాలు నాకు ఆదిలాబాద్‌లో దొరికాయి. ఉపవాస ప్రార్థన కూటానికని వెళ్ళాను. అక్కడి పాత మిషన్ బంగళాకు సున్నం వేయిస్తూ బీరువాల్లో ఉన్నదంతా తెచ్చి వరండాలో కుప్ప పోశారు. చినిగిన హాజరు పట్టీలు, బడి పాఠాల బొమ్మలు, వాటి కింద చెదలు అంచులు కొరికిన మూడు పుస్తకాలు. గీతల మీద చుక్కలతో అచ్చు వేసిన పాశ్చాత్య స్వరలిపి. ఒకటి పియానోకు, ఒకటి వయొలిన్‌కు, ఇంకొకటి చెల్లోకు. చెల్లో అంటే కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్. అట్ట మీద ఎన్నడూ వినని ఒక డెన్మార్క్ స్వరకర్త పేరు, దాని కింద కోపెన్‌హేగన్. లోపల ఏ వేలితో ఏ స్వరం నొక్కాలో ఎవరో దొరసానమ్మ పెన్సిలుతో రాసుకున్న అంకెలు.

హాస్టల్లో చదివే రోజుల్లో క్వాయర్ మాస్టారు నాకు వయొలిన్, ఆ లిపి రెండూ నేర్పారు. అందుకే ఆ పుస్తకాలను పారేయనివ్వలేదు. కరీంనగర్ వచ్చాక ఫోన్‌లో వెతికితే ఆ స్వరకర్త గురించి నాలుగు వాక్యాలు కనిపించాయి. చాలా రాశాడట. బతికినన్నాళ్ళు ఊళ్ళో మంచి పేరట. పోయాక అందరూ మర్చిపోయారట. నా చేతిలో ఉన్న కృతిని వాయించి రికార్డు చేసినవాళ్ళు ఎక్కడా లేరు. అయితే ఆ సంగీతం వినాలంటే మేమే వాయించుకోవాలి. మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా, ఒక్కసారి. నేను దేవుణ్ణి అడిగింది అంతే. ఇప్పటికీ అంతే.

పియానోకు మా అమ్మగారు ఉన్నారు. అమ్మగారు అంటే పాస్టరుగారి భార్య. వేరే జిల్లా మనిషి. హాస్టల్లో పియానో నేర్చుకున్నారు, చర్చి కీబోర్డు మీద వాయించగలరు. చెల్లో ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. మా చర్చిలో హార్మోనియం వాయించే అన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చెల్లో భాగాన్ని ఆయన హార్మోనియం మీద వాయించాలని అనుకున్నాం. ఆయనకు గీతల లిపి రాదు. అందుకని చెల్లో భాగమంతా సరిగమలలోకి మార్చి తెలుగు అక్షరాలతో రాసిచ్చాను. రెండు నెలలు పట్టింది. అక్షరం తర్వాత అక్షరం దించుకుంటూ పోయానే తప్ప ఒక్క వరుస కూడా పాడి చూసుకోలేదు. అదే నా తప్పు.

ఒక శనివారం మధ్యాహ్నం చర్చిలో ముగ్గురం కూర్చున్నాం. ఆ కృతికి మూడు భాగాలు. మొదటిది కుంటుతూ గట్టెక్కింది. రెండోది నెమ్మదైనది. అందులో రాగం మొత్తం చెల్లోదే, అంటే మా అన్నదే. పియానో, వయొలిన్ వెనక ఉండి ఊతమివ్వాలి. అన్న నాలుగు వరుసలు వాయించి హార్మోనియం తిత్తి మూసేశాడు.

"తమ్మీ, గిదేందే? గిది మన మన్ను పాట గదనే!"

వయొలిన్ తీగల మీద నా కమాను అప్పటికే ఆగిపోయి ఉంది. బాపును గుంతలోకి దించినప్పుడు విన్న రాగం అది. పెద్దన్నయ్యను దించినప్పుడూ అదే.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. శవపెట్టె మీద పిడికెడు మన్ను వేసేటప్పుడు ఒక పాట పాడతాం. దాన్ని బొందలగడ్డలోనే, సమాధుల మధ్యే పాడాలి. చర్చిలో పాడకూడదు, ఇంట్లో అసలే కూడదు. చిన్నప్పుడు వంటింట్లో కూనిరాగం తీసినందుకు మా అమ్మ చేతిలో గరిటె దెబ్బ తిన్నాను. రాగం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. పాట ఎంత పాతదో అదీ అంతే అనుకున్నాం. ఆ పెన్సిలు అంకెల దొరసానమ్మే ఎప్పుడో ఈ రాగానికి తెలుగు మాటలు కట్టించి ఉంటుంది.

"బాగుంది కదా, ఎందుకు ఆపారు?" అన్నారు అమ్మగారు. ఆమె పెరిగిన సంఘంలో ఈ పాట లేదు.

"అమ్మగారూ, మీకు దెల్వదు. గిది సమాధి కాడ తప్ప నేను ముట్ట," అని అన్న హార్మోనియం మీద గుడ్డ కప్పేశాడు.

ఇంటికి వచ్చి మూడో భాగం విప్పి, ఈసారి బుద్ధిగా పాడి చూసుకున్నాను. చివరి రెండు పేజీల్లో అదే రాగం, చెల్లోకే, మళ్ళీ వస్తుంది. గబగబా, ఎగురుతూ, పై స్థాయిలో వస్తుంది. మన్నులో పెట్టినది లేచి నడిచినట్టు. ప్రతి ఆదివారం పునరుత్థానాన్ని ఒప్పుకునే మాకు ఇంతకంటే ఏం కావాలి? ఆ ధైర్యంతో, కోత పండుగ నాడు వాయించనివ్వమని సంఘ కమిటీని అడిగాను.

"పండుగనాడు సావు పాటనా? వాక్యం దెలిసినోనివి, నీకేమైందే?" అన్నాడు కార్యదర్శి.

"చివర్ల అదే రాగం లేస్తదన్నా. లేపేటందుకే రాసిండు ఆయన."

"లేసినా గదే పాట గద. ఓ పని జెయ్. నడిమిది తీసెయ్. ముందటిది, ఎనుకటిది వాయించు."

"నడుము లేని మనిషి నిలబడ్తడా?"

"అయితే నీ ఇంట్ల వాయించుకో."

ఇంట్లో మా ఆవిడ ఒక్కటే మాట అంది. "వయొలిన్ ఉండాల్నా, నేనుండాల్నా?"

మరణాన్ని గెలిచినవాని బిడ్డలమని బోధిస్తాం. ఒక రాగానికి మాత్రం భయపడతాం. ఆ వారమంతా ప్రార్థనలో నేను చేసింది ఫిర్యాదే.

మా సంఘంలో అందరికంటే పెద్ద వయసు ఒకామెది, అందరం అవ్వ అని పిలుస్తాం. పూర్వం ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పిన మనిషి. సంగతి ఆమె దాకా పోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక కర్ర పొడుస్తూ కార్యదర్శి ముందుకు వచ్చి నిలబడింది.

"నేను పోయిననాడు బొందలగడ్డల గీ పిల్లగాడు మొత్తం వాయిస్తడు. ముందటిది, నడిమిది, లేసేది, అన్ని. పుస్తకంల రాస్కో. ఎవడు ఆపుతడో నేను పెట్టెలకెల్లి చూస్త."

పిల్లగాడు నేనే. నాకు అరవై దాటాయి. కార్యదర్శి తల గోక్కుని కమిటీ పుస్తకంలో రాసుకున్నాడు. అన్న కూడా సరేనన్నాడు. సమాధి దగ్గర అయితే ఆయనకు అభ్యంతరం లేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం గేటు దగ్గర అవ్వ నన్ను పట్టుకునేది. "ఏం బిడ్డా, ముసల్ది ఇంక పోతలేదని పరేషాన్ అయితున్నవా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, మొదట్లో.

తర్వాత సంఘాలన్నీ కలిసే వార్షిక కాన్ఫరెన్సు దగ్గర పడింది. మా పాస్టర్లకు బదిలీలు అప్పుడే వస్తాయి. మా పాస్టరు అయ్యగారు మా దగ్గరికి వచ్చి చాలా ఏళ్ళయింది, ఈసారి తప్పదని అందరూ అనుకుంటున్నారు. ఆయనతో పాటు అమ్మగారూ వెళ్ళిపోతారు. ఆ వారాల్లోనే ఒక ఆదివారం అవ్వ చర్చికి రాలేదు. ఆమె కూర్చునే బెంచీ ఖాళీగా కనిపించగానే నాకు ముందుగా వచ్చిన ఆలోచన వయొలిన్‌కు కొత్త తీగలు వేయించాలని. అయ్యో, ఏమైందో అన్నది ఆ తర్వాత వచ్చింది. అలాంటి మనసుతో ఆ రోజు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకోవడానికి నేను పోలేదు.

ఆరాధన అవ్వగానే ఆమె ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"చూడ వచ్చినవా, వాయించ వచ్చినవా?"

అబద్ధం చెప్పలేకపోయాను. బెంచీ సంగతి, తీగల సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"గంత గుంజుతుందా? అయితే నేను పోయేదాంక ఎందుకు? గీ అరుగు మీదనే వాయించుండ్రి. నేను వింట."

పరుగున అన్న దగ్గరికి పోయాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "తమ్మీ, బతికున్న మనిషిని ముంగట కూసోబెట్టుకొని మన్ను పాటనా? నాతోని కాదు. కాళ్ళు మొక్కుత." అవ్వ కబురంపినా కదలలేదు. అన్న లేకపోతే రాగమే లేదు.

బదిలీ వచ్చింది. సామాను ఎక్కించిన రోజు అమ్మగారు పియానో పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. "మొదటి భాగం బాగానే వచ్చింది కదండీ," అన్నారు. కొత్తగా వచ్చిన అమ్మగారికి కీబోర్డు రాదు.

తర్వాతి ఆదివారం గేటు దగ్గర అవ్వ ఆటో కోసం చూస్తోంది. "ఇంక పోయి ఏం లాభం బిడ్డా? వాయించేటామె పోయింది గద. జర కొన్నొద్దులు ఉంట తియ్."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అది చూసి అవ్వ కర్రతో నా కాలు తట్టింది. "సరే, లేసేది ఎట్లుంటదో నోటితోనన్న జెప్పు. వింట."

ఆ రెండు పేజీలు నేను ఎన్నిసార్లు సాధన చేశానో లెక్కలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. నోటికి వచ్చింది మాత్రం నా వయొలిన్ భాగమే. రాగం కింద ఊతంగా పడే ముక్కలు ముక్కల స్వరాలు. తక తక, తక తక. రాగాన్ని పట్టుకుందామని రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ చేతి అలవాటు గొంతును లాక్కుపోయింది. అవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుని చివరి దాకా విన్నది.

"గింతేనా?"

"గింతే గాదవ్వా," అన్నాను.

ఆటో వచ్చింది.